ఫారెస్ట్రీ డిగ్రీ చేయాలా? ఫీజు కన్నా ముందు లెక్కేయాల్సింది వేరే ఉంది

ఎంసెట్ ర్యాంకులు వచ్చాక మా ఇంటికి ఎవరో ఒకరు ఫైలు చంకన పెట్టుకుని వస్తుంటారు. అపార్ట్‌మెంట్‌లో ఫారెస్ట్రీ చదివింది నేనొక్కణ్నే. హైదరాబాద్‌లోనే ఉంటూ, గనులకీ రోడ్లకీ పర్యావరణ నివేదికలు రాసే పని చేస్తాను. ఈసారి వచ్చింది మా అక్క, మేనకోడలు. ఎంబీబీఎస్ రాదని తేలిపోయింది. వెటర్నరీ, అగ్రికల్చర్ సీట్లు అందీ అందనట్టున్నాయి. "ఫారెస్ట్రీకి ఫీజు ఎంతరా?" అని అక్క అడిగింది. అందరూ మొదట అడిగేది అదే. అది నాలుగో ఐదో ప్రశ్న కావాలి. ఆ రోజు పాత క్యాలెండర్ వెనక మేం వేసుకున్న లెక్క, అదే వరసలో, ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ అడవి కావాలో తేల్చుకోండి

"అడవులంటే ఇష్టం మామయ్యా" అంది పిల్ల. ఇష్టమైన అడవి ఏదని అడిగితే ఫోన్‌లో పులి వీడియో చూపించింది. ఈ చదువులో వన్యప్రాణులు ఒక భాగం మాత్రమే. నర్సరీ, విత్తనం, నేల, కలప కొలత, చెట్ల జబ్బులు, అటవీ చట్టాలు, రైతు పొలంలో చెట్ల పెంపకం, గణాంకాలు ఎక్కువ భాగం తీసుకుంటాయి. పులి కోసమే వచ్చేవాళ్లు జువాలజీ చదివి వన్యప్రాణుల పీజీకి వెళ్లే దారి కూడా చూడాలి.

కోరిక మూడింటిలో ఏదో చెప్పమన్నాను: యూనిఫాం వేసుకునే ఉద్యోగం, పరిశోధన, లేకపోతే ఏదైనా సరే స్థిరమైన జీతం. మూడోది చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ జవాబును బట్టే లెక్క మారుతుంది.

రెండో అడుగు: ఒక ఆదివారం నడిచి చూడండి

దీనికి బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు. పొద్దున్నే చిలుకూరు దగ్గరున్న మృగవనికో, వనస్థలిపురం హరిణ వనస్థలికో వెళ్లండి. ఫోన్ సంచిలో పెట్టి, నోట్‌బుక్ చేతికి తీసుకోండి. గంటలో ఇరవై చెట్లను గుర్తుపట్టగలరేమో చూడండి. టేకు లేత ఆకును నలిపితే వేళ్లకు ఎర్రరంగు అంటుతుంది. ఇలాంటివి చేత్తో పట్టుకుంటేనే గుర్తుంటాయి. మీ కాలనీలో ఒక వేపచెట్టు దగ్గర దర్జీ టేపు పట్టుకుని చుట్టుకొలత కూడా తీసి చూడండి. ఎక్కడ పడితే అక్కడ కాదు, నేల నుంచి సరిగ్గా 1.37 మీటర్ల ఎత్తున. రొమ్ము ఎత్తు అని మేం అనేది దాన్నే. నాలుగేళ్లలో ఈ కొలత కొన్ని వందల చెట్లకు తీస్తారు, అదీ చాలాసార్లు ఎండలో. నేను చదివిన కొడగులోని పొన్నంపేటలో అయితే వానలో, కాళ్లకు జలగలు పట్టుకుని ఉండగా తీశాం. పదో చెట్టుకే విసుగొస్తే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

నడక మాట ఎందుకంటే, ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కి ఎంపికైనా 4 గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడిచి చూపించాలి. రాష్ట్ర అటవీ ఉద్యోగాలకూ నడక పరీక్ష ఉంటుంది. మేనకోడలు హరిణ వనస్థలిలో రెండున్నర గంటలు తిరిగి, చెప్పు తెగి, తెగిన చెప్పుతోనే ఇల్లు చేరింది. కానీ నోట్‌బుక్‌లో పదిహేడు చెట్లు రాసుకొచ్చింది. అందుకే మూడో అడుగుకి వెళ్లాం.

మూడో అడుగు: సీటు ఎటువైపు నుంచి వస్తుందో చూడండి

హైదరాబాద్ వాళ్లకు దగ్గరలో ఉన్నది ములుగులోని ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. 2016లో దూలపల్లి ఫారెస్ట్ అకాడమీలో మొదలై, తర్వాత సొంత క్యాంపస్‌కి మారింది. ములుగు అనగానే మేడారం వైపు బస్సెక్కకండి. ఈ ములుగు సిద్దిపేట జిల్లాలో, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంది. హార్టికల్చర్ యూనివర్సిటీ ఉన్నదీ ఆ ఊళ్లోనే. బైపీసీ వాళ్లు ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకు మీద చేరతారు. వ్యవసాయ వర్సిటీ కౌన్సెలింగ్‌లోనే ఇదీ వస్తుందిలే అని కూర్చోకుండా కాలేజీ ప్రకటన విడిగా చూసుకోండి.

రెండో దారి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోటాలో బయటి రాష్ట్రానికి వెళ్లడం. రాష్ట్ర వ్యవసాయ వర్సిటీల్లో 20 శాతం సీట్లు ఈ కోటాకి ఉంటాయి. తమిళనాడులో మెట్టుపాళయం, కర్ణాటకలో పొన్నంపేట, సిర్సి, కేరళలో వెల్లానిక్కర, మహారాష్ట్రలో దాపోలి, హిమాచల్‌లో సోలన్ దగ్గరి నౌనీ చాలాకాలంగా ఫారెస్ట్రీ చెబుతున్న చోట్లు. సొంత రాష్ట్రం దాటి ఈ కోటాలో చేరినవాళ్లకు నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంటుంది. అది మెస్ బిల్లులో కొంత భాగం మోస్తుంది. మన ఇళ్లల్లో ఈ పరీక్ష సంగతి గడువు దాటాకే తెలుస్తుంది. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న పిల్లలుంటే ఇప్పుడే చెప్పండి.

మూడో దారి ప్రైవేటు వర్సిటీలు. కాలేజీ ఏదైనా రెండు విషయాలు కాగితం మీద చూడాలి. డిగ్రీ నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీయేనా, లేక మూడేళ్ల బీఎస్సీలో ఫారెస్ట్రీ ఒక సబ్జెక్టా? ఐసీఏఆర్ గుర్తింపు ఉందా, ఉంటే ఎప్పటిదాకా? ముందుముందు బ్యాంకు ఉద్యోగానికైనా, వ్యవసాయ వర్సిటీలో ఎంఎస్సీకైనా అడ్డం తగిలేవి ఈ రెండే. "అప్లై చేశాం మేడమ్, వచ్చేస్తుంది" అనే మాటకు లక్షలు కట్టకండి.

నాలుగో అడుగు: అసలు లెక్క

ఇప్పుడు అక్క ప్రశ్నకు వద్దాం. ఫీజు కాలేజీకో తీరుగా ఉంటుంది. అందుకని నేను లెక్క కోసం కొన్ని అంకెలు అనుకున్నాను. వాటి స్థానంలో మీవి వేసుకోండి.

ఏడాదికి ఫీజు 40,000. హాస్టల్, మెస్ నెలకు 5,500 చొప్పున పది నెలలకు 55,000. ప్రయాణాలు, స్టడీ టూర్లు, రికార్డులు, బూట్లు, రెయిన్‌కోటు 20,000. మొత్తం 1,15,000. నాలుగేళ్లకు 4,60,000. స్టడీ టూర్‌ని చాలామంది లెక్కలోనే వేయరు. చివరి ఏడాదిలో ఫారెస్ట్రీ వర్క్ ఎక్స్‌పీరియన్స్ అని ఒక సెమిస్టర్ బయట ఫీల్డ్‌లో ఉండాలి. అప్పుడు తిండి, బస ఎవరు చూస్తారో సీనియర్లను అడగండి, ఆఫీసులో అడిగితే పొడి జవాబు వస్తుంది.

అక్క ఇక్కడికే పెన్ను కింద పెట్టేసింది. నాలుగున్నర లక్షలే కదా, ఇంజనీరింగ్ కన్నా నయం అంది. నేను కాగితం తిప్పి రెండో వైపు రాయమన్నాను. పైన "డిగ్రీ అయ్యాక" అని రాయించాను.

ఫారెస్ట్రీ చదివినవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగంలో చేరరు. పరీక్షలకు కూర్చుంటారు. అశోక్‌నగర్‌లో ఒక మంచం అద్దెకు తీసుకుని, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ పట్టుకుని, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం లైన్లో నిలబడే పిల్లల్లో వీళ్లూ ఉంటారు. అలా రెండేళ్లు అనుకుందాం. హాస్టల్ నెలకు 7,000 చొప్పున 1,68,000. చేతి ఖర్చు నెలకు 3,000 చొప్పున 72,000. కోచింగ్, టెస్ట్ సిరీస్‌లు కలిపి 60,000. మొత్తం సరిగ్గా 3 లక్షలు. ఈ రెండేళ్లలో నెలకు 15,000 వచ్చే చిన్న ఉద్యోగం చేసి ఉంటే వచ్చే 3,60,000 కూడా పోయినట్టే. మొత్తం 6,60,000. చదువు ఖర్చు 4,60,000, ఎదురుచూపు ఖర్చు 6,60,000! అక్క ఆ రెండు అంకెల కిందా గీత గీసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

లోన్ తీసుకుంటే ఇది ఇంకా బిగుసుకుంటుంది. బ్యాంకుల మోడల్ విద్యారుణం పథకంలో 7.5 లక్షల దాకా తాకట్టు అడగరు. వాయిదాలు కోర్సు అయ్యాక ఏడాదికి మొదలవుతాయి. ఏటా 75,000 చొప్పున 3 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. మొదటి ఏడాది తీసుకున్న డబ్బుకు ఐదేళ్ల వడ్డీ, రెండో ఏడాది దానికి నాలుగేళ్లది, అలా లెక్కేస్తే వాయిదా మొదలయ్యే నాటికి వడ్డీయే 1,05,000. అప్పు 4,05,000కి చేరుతుంది. చూడండి, బ్యాంకు ఇచ్చే గడువు ఒక్క ఏడాది, మనం అనుకున్న ఎదురుచూపు రెండేళ్లు. పిల్ల ఇంకా లైబ్రరీలో ఉండగానే ఈఎంఐ తండ్రి ఖాతాలో పడుతుంది. కోర్సు జరుగుతున్నప్పుడే వడ్డీ ఏ నెలకా నెల కట్టేయగలిగితే ఈ బరువు తగ్గుతుంది. కట్టిన వడ్డీకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వస్తుందని గుర్తుంచుకోండి.

ఈపాస్ స్కాలర్‌షిప్‌కి అర్హత ఉంటే ఆదాయం, కులం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసిపెట్టుకోండి. 75 శాతం హాజరు తగ్గితే అది ఆగుతుంది. రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఆలస్యమైతే కాలేజీ ముందు మీచేత కట్టించుకుంటుందా, ఆగుతుందా అన్నది చేరేముందే అడగాల్సిన మాట.

ఐదో అడుగు: యూనిఫాం తలుపులు ఎంత వెడల్పో కొలవండి

అందరి నోటా ఉండేది ఐఎఫ్ఎస్, అంటే అటవీ సర్వీసు. యూపీఎస్సీ ప్రిలిమ్స్ ఐఏఎస్ వాళ్లతో కలిపే రాయాలి. మెయిన్స్ విడిగా 1,400 మార్కులకు, ఇంటర్వ్యూ 300కి. ఆప్షనల్ సబ్జెక్టులు రెండు. జనరల్ వాళ్లకు 21 నుంచి 32 ఏళ్ల వయసు, ఆరు అవకాశాలు. మొదటి మూలవేతనం 56,100. 2024 నోటిఫికేషన్‌లో దేశం మొత్తానికి 150 పోస్టులు. మన డిగ్రీ చదివితే ఫారెస్ట్రీ ఆప్షనల్ సగం చదివేసినట్టే, నిజమే. కానీ ఆ ఆప్షనల్ తీసుకునే బీటెక్ వాళ్లు బోలెడంత మంది. అన్నట్టు అగ్రికల్చర్, ఫారెస్ట్రీ రెండూ కలిపి ఆప్షనల్స్‌గా తీసుకోవడం కుదరదు. దగ్గర సబ్జెక్టులు కదా, పని తేలికవుతుందని ప్లాన్ వేసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

రాష్ట్రంలో టీజీపీఎస్సీ ద్వారా బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులు వస్తాయి. 2017 నోటిఫికేషన్లు చూస్తే సంగతి అర్థమవుతుంది. బీట్ ఆఫీసర్లు 1,857, సెక్షన్ ఆఫీసర్లు 90, రేంజర్లు 67. ఎక్కువ పోస్టులున్న చోట ఇంటర్ చాలు. డిగ్రీ కావాల్సిన చోట పోస్టులు తక్కువ, పైగా బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఇంజనీరింగ్ చదివినవాళ్లూ అర్హులే. ఫారెస్ట్రీ చదివినవాళ్లకు అటవీ నియామకాల్లో కొంత కోటా ఇవ్వాలని 2022లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. మంచిదే. అయితే మంత్రివర్గ నిర్ణయం వేరు, నోటిఫికేషన్‌లో అచ్చయ్యే వాక్యం వేరు. ఆ వాక్యం మీ కళ్లతో చూశాకే లెక్కలో వేసుకోండి. నోటిఫికేషన్ ఉగాదిలా ఏటా వచ్చేది కాదు కాబట్టి, మీ డిగ్రీ పూర్తయ్యే ఏడాదే వస్తుందనుకుని ఇంటి బడ్జెట్ వేయకండి.

ఇక ఉద్యోగం స్వభావం. రేంజర్ అంటే జీపు, టోపీ అనుకుంటారు. మన దగ్గర ఆ పనిలో సగం పోడు భూముల గొడవే. 2022 నవంబర్‌లో చండ్రుగొండ దగ్గర అలాంటి గొడవలోనే ఒక రేంజ్ అధికారి ప్రాణాలు పోయాయి. అడవిని కాపాడే చట్టం ఒకవైపు, తరాలుగా అక్కడే బతికే మనుషులు మరోవైపు, మధ్యలో మీ పిల్ల. భయపెట్టడానికి చెప్పడం లేదు. మేనకోడలికి ఇది చెప్పినప్పుడు అక్క నన్ను గుర్రుగా చూసింది, అయినా చెప్పాను.

ఆరో అడుగు: ఎవరూ చెప్పని తలుపులు

నా దృష్టిలో ఈ డిగ్రీకి నిజమైన విలువ ఇక్కడుంది. బ్యాంకుల్లో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు, బ్యాంకు నియామక పరీక్షలు జరిపే సంస్థ ఐబీపీఎస్ పెట్టే అర్హతల జాబితాలో నాలుగేళ్ల ఫారెస్ట్రీ డిగ్రీ ఉంది. ఇది తెలియని ఫారెస్ట్రీ విద్యార్థులు ఎంతమందో! ఇది స్కేల్-1 ఆఫీసర్ పోస్టు, 2024లో కుదిరిన వేతన ఒప్పందం ప్రకారం మూలవేతనం 48,480. పరీక్ష మామూలుగా ఏటా వస్తుంది, దీని అసలు బలం అదే. చెట్ల చదువు చదివి పంట రుణాలు రాయడమేంటి అని ముఖం చిట్లించవచ్చు. ఉద్యోగం చేస్తూ ఐఎఫ్ఎస్ రాసుకోవచ్చు, అప్పుడు మన కాగితం రెండో వైపున్న 6,60,000లో చాలా భాగం కొట్టేయవచ్చు.

పరిశోధన కావాలంటే ఐసీఏఆర్ పీజీ పరీక్ష, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ (ఎఫ్ఆర్ఐ) సొంత ప్రవేశ పరీక్ష ఉన్నాయి. మేనేజ్‌మెంట్ వైపు భోపాల్‌లోని అటవీ మేనేజ్‌మెంట్ సంస్థ ఐఐఎఫ్ఎం ఉంది, క్యాట్ లాంటి పరీక్ష స్కోరు కావాలి, ఫీజు వేరే స్థాయిలో ఉంటుంది. ఇంటి దగ్గరే దూలపల్లిలో ఐసీఎఫ్ఆర్ఈ (భారత అటవీ పరిశోధన మండలి) వారి అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. అక్కడ ప్రాజెక్టు ఫెలో పోస్టులు వస్తుంటాయి, జీతం కొద్దిగా, అనుభవం ఎక్కువ. బాలానగర్‌లో ఇస్రో వారి రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్సీ ఉన్న ఊరు మనది. శాటిలైట్ చిత్రం మీద అడవి గీతలు గీయడం వస్తే, అంటే జీఐఎస్ వస్తే, హైదరాబాద్‌లో ఖాళీగా కూర్చోరు. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండో ఏడాదిలోనే మొదలుపెట్టమనండి.

ఏడో అడుగు: ప్రైవేటు ఉద్యోగాన్ని వాసన చూసి పట్టుకోండి

పనికొచ్చే చోట్లు ఉన్నాయి. సారపాకలోని పేపర్ మిల్లు లాంటివి రైతుల పొలాల్లో జామాయిల్, సుబాబుల్ పెంచడాన్ని ఏళ్లుగా నడుపుతున్నాయి. క్లోనల్ నర్సరీ, అంటే మంచి చెట్టు కొమ్మల నుంచి అచ్చం అలాంటి మొక్కలే తీసే పని, తెలిసినవాళ్లు అలాంటి చోట కావాలి. గనులకీ ప్రాజెక్టులకీ పర్యావరణ అనుమతుల నివేదికలు రాసే కన్సల్టెన్సీల్లో జీవావరణ నిపుణుడు ఉండి తీరాలి, నేను చేసేది ఆ పనే. కొత్తగా కార్బన్ ప్రాజెక్టులు వస్తున్నాయి. చెట్టు కొలిచి అందులో ఎంత కర్బనం ఉందో లెక్క కట్టాలి, ఆ 1.37 మీటర్ల కొలత అక్కడ అన్నం పెడుతుంది.

వాసన చూడమన్నది మరో రకం వాటి గురించి. నా మొదటి ఉద్యోగం ఊరి చివర శ్రీగంధం ప్లాట్లు అమ్మే ఒక కంపెనీలో. శ్రీగంధం ఒంటరిగా బతికే చెట్టు కాదు. దాని వేరు పక్క మొక్క వేరును పట్టుకుని అందులోంచి ఆహారం తీసుకుంటుంది, అందుకే పక్కన కంది లాంటివి వేస్తారు. సైట్‌కి వెళ్తే గజాల లెక్కన మొక్కలు నాటారు, పక్కన ఏమీ లేదు. ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. అడిగితే, "అవన్నీ కస్టమర్‌కి చెప్పకు, పదిహేనేళ్లకు చెట్టుకెంత వస్తుందో ఆ కాలమ్ ఒక్కటి నింపు" అన్నాడు మేనేజర్. నా విజిటింగ్ కార్డు మీద సైంటిస్ట్ అని వేయించారు. మూడో నెల జీతంలో సగం కమీషన్ కింద, ప్లాట్ అమ్మితేనే అన్నారు. మానేశాను, ఆ నెల జీతం ఇప్పటికీ రాలేదు. ఇంటర్వ్యూలో టార్గెట్ అనే మాట నర్సరీ అనే మాట కన్నా ముందు వస్తే లేచి వచ్చేయండి.

ఎనిమిదో అడుగు: తేల్చేయండి

అగ్రికల్చర్ సీటు ప్రభుత్వ కాలేజీలో వస్తుంటే, కోరిక స్థిరమైన జీతం ఒక్కటే అయితే, అగ్రికల్చర్ తీసుకోమనే చెబుతాను. మండల స్థాయి దాకా పోస్టులున్న శాఖ అది. ఫారెస్ట్రీకి ప్రభుత్వ కాలేజీ సీటు లేదా ఐసీఏఆర్ కోటా సీటు వచ్చి, నడక పరీక్ష నెగ్గి, బ్యాంకు పరీక్ష రాయడానికి మనసొప్పితే, నిక్షేపంగా చేరండి. పెద్ద ఫీజు కట్టి ప్రైవేటులో, రేంజర్ ఉద్యోగం ఒక్కటే లక్ష్యంగా అయితే మాత్రం వద్దు. ఆ ఉద్యోగానికి తక్కువ ఖర్చుతో మామూలు బీఎస్సీ చదివినా అర్హత వస్తుంది.

చేరేవాళ్లు ఎదురుచూపు సొమ్మును ఫీజుతో పాటే మొదటి రోజే పక్కన రాసుకోవాలి. ఎన్నేళ్లు, ఎవరి డబ్బు, ఏ తేదీకి ఆపేస్తాం? ఈ మూడూ రాయించాను. మేనకోడలు "డిగ్రీ అయ్యాక ఒక ఏడాది, ఆ లోపు బ్యాంకు పరీక్ష" అని రాసింది. ఆ పక్కనే అక్క "ఏడాదిన్నర" అని దిద్దింది. ఆప్షన్లలో ములుగు ఫారెస్ట్రీ మొదట, అగ్రికల్చర్ ప్రైవేటు చివర పెట్టుకున్నారు. క్యాలెండర్ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పోయిన వారం పిల్ల ఫోన్ చేసింది, నడకకు మంచి బూట్లు కోఠిలో ఎంతకొస్తాయని అడగడానికి.